లెక్కకు రాని మొదటి ఏడాది

మే నెల వస్తే అమెరికాలోని మన తెలుగు సంఘాలకు నర్సులు గుర్తొస్తారు. 12వ తేదీ ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కాబట్టి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, వేదిక మీద గ్రూప్ ఫొటో. మిగతా ఏడాదంతా వాళ్ల ప్రస్తావన ఫోన్లలోనే వస్తుంది. “మా అన్న బిడ్డ నర్సింగ్ అయిపోయింది. లైసెన్స్ కూడా వచ్చింది. అమెరికా తోవేందో జర చెప్పుండ్రి.” మన సభ్యుల్లో ఉమ్మడి నల్లగొండ వాళ్లు చాలామంది కనుక ఈ ఫోన్లు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచే ఎక్కువ. అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లని, అమెరికా బయట రాస్తే ఇంకో 150 అని, హైదరాబాద్‌లోనే పరీక్ష కేంద్రం ఉందని, భారతీయులకు ఈబీ-3 గ్రీన్‌కార్డు వరుస పదేళ్లు దాటిందని తెలిసినదంతా చెప్పేస్తాం. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోంది, నైట్ డ్యూటీలో పక్కన ఎవరుంటున్నారు అని మాత్రం అడగం.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం అయితే మూడేళ్లు. చదువు ముగిశాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు ఎక్కితే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు), ఆర్ఎం (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) రెండూ ఒకేసారి వస్తాయి. ఇక్కడ అమెరికాలో నర్స్-మిడ్‌వైఫ్ కావాలంటే మళ్లీ పీజీ చదవాలి. అక్కడ ఇరవై రెండేళ్లు నిండని పిల్లకు ఆ బాధ్యత కూడా మొదటి రోజే చేతిలో పెడతారు. కోదాడ పిల్లలకు ఇంకో చిక్కు. విజయవాడ వైపు కాలేజీలో చదివితే రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో అవుతుంది. సొంత ఊళ్లో పనిచేయాలంటే దాన్ని తెలంగాణకు మార్పించుకోవాలి. 2014లో రాష్ట్రం విడిపోకముందు ఈ తిప్పలు లేవు.

కాగితం చేతికొచ్చాక ఎక్కువమందికి దొరికేది ఇంటికి దగ్గరలో ఓ నర్సింగ్ హోమ్. సూర్యాపేట హైదరాబాద్–విజయవాడ హైవే మీద దాదాపు సగం దారిలో ఉంటుంది. కోదాడ కూడా ఆ రోడ్డు మీదిదే. యాక్సిడెంట్ కేసులకు కొదవ లేదు. ఇటు మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి, ఊరి చుట్టూ రైస్ మిల్లులు. వరి ఉన్నచోట పాము కాట్లూ ఉంటాయి, పురుగుల మందూ ఉంటుంది.

అర్ధరాత్రి పురుగుల మందు తాగిన మనిషిని ఆటోలో వేసుకొస్తారు. డ్యూటీ డాక్టర్ వచ్చి విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టి, పై అంతస్తులో కాన్పు కేసుకు పరుగెత్తుతాడు. ఇక కనిపెట్టుకుని ఉండాల్సింది సిస్టరే. నోటి వెంట నురగ తగ్గిందా, ఛాతీలో గరగర ఆగిందా, పల్స్ ఎంతకు చేరింది, అయిదైదు నిమిషాలకోసారి చూసి కేస్ షీట్‌లో రాయాలి. ఛాతీ పొడిబారేదాకా డోసు పెంచుతూ పోవాలి. మరీ ఎక్కువైతే రోగి కలవరిస్తాడు, దుప్పటి పీకుతాడు, ఒళ్లు కాలిపోతుంది. అట్రోపిన్ చాలక ఆరాటపడుతున్నాడా, అట్రోపిన్ ఎక్కువై ఆరాటపడుతున్నాడా? పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే అది. మంచం పక్కన ఒంటరిగా నిలబడి మొదటిసారి తేల్చుకోవడం వేరు. గుమ్మం నిండా చుట్టాలు. “సిస్టరమ్మా, మాట్లాడ్తలేడు, జర చూడమ్మా!” అవతలి గదిలో ఎవరిదో సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. సాయానికి ఒక ఆయమ్మ, ఆమె కూడా నిద్రమత్తులో.

ఇట్లాంటి రాత్రులతో ఏడాది గడిపిన అమ్మాయికి వచ్చే పని తక్కువేం కాదు. అయితే ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకునేవాళ్లే లేరు. నా ఫిర్యాదంతా అక్కడే.

సర్కారు కొలువు సంగతి చూడండి. తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ నియామకాలకు 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు. ప్రైవేటులో ఎన్ని రాత్రులు మేలుకున్నా ఆ 20లో ఒక్క మార్కూ రాదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒక్కరోజే 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. సంతోషమే. కానీ చేయి తిరిగిన సిస్టర్లు అటు వెళ్తే చిన్న ఆస్పత్రిలో ఆ ఖాళీలోకి వచ్చేది కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లే, ఆమెకు పని చెప్పవలసినవాళ్లు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు.

విదేశాల సంగతీ అంతే. ఏజెన్సీల ప్రకటనలు చాలావాటిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు, అదీ వంద పడకలు దాటిన ఆస్పత్రిలో. జీతం చేతికే ఇచ్చి, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వని చోట చేసిన పనికి రుజువేది? ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని, మానేస్తానంటే డబ్బు కట్టమనే యాజమాన్యాల గురించి కూడా మన ఫోన్లలో వింటూనే ఉన్నాం.

జీతం గురించి సుప్రీంకోర్టు 2016లోనే మాట్లాడింది. దాని ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు జీతం సర్కారు నర్సుతో సమానంగా ఉండాలని, 50 పడకల లోపు ఆస్పత్రిలోనైనా నెలకు 20,000కు తగ్గకూడదని సిఫారసు చేసింది. మన మూడు పట్టణాల నర్సింగ్ హోములు చాలావరకు ఆ చివరి తరగతివే. ఆ అంకె ఫోన్లో చెబితే అవతల నవ్వు వినిపిస్తుంది. కేరళలో నర్సులు సంఘం కట్టి, సమ్మెలు చేసి 2018 ఏప్రిల్‌లో ఆ 20,000ను కనీస వేతనంగా ప్రభుత్వం చేత ప్రకటింపజేసుకున్నారు. మన దగ్గర పది మంచాల ఆస్పత్రిలో నలుగురు సిస్టర్లుంటే, ఒకరి డ్యూటీ దిగేసరికి ఇంకొకరు ఎక్కుతారు. సంఘం సంగతి దేవుడెరుగు, నలుగురూ ఒకచోట కూర్చునే పొద్దే ఉండదు.

ఇక్కడ అమెరికాలో కొత్త ఆర్ఎన్‌ను ఎట్లా చూసుకుంటారో మనలో నర్సులుగా ఉన్నవాళ్లకు బాగా తెలుసు. కొన్ని వారాలపాటు పని నేర్పే సీనియర్ నర్సు (ప్రిసెప్టర్) నీడలా వెంట ఉంటుంది. పెద్ద ఆస్పత్రుల్లో అయితే ఏడాది రెసిడెన్సీ శిక్షణ. కాలిఫోర్నియాలో మెడికల్–సర్జికల్ వార్డులో ఒక నర్సుకు అయిదుగురు రోగులకు మించి అప్పగించకూడదని చట్టమే ఉంది. తమాషా ఏమిటంటే, మామూలు ఆస్పత్రులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏనాడో చెప్పిన లెక్క కూడా అయిదుగురికి ఒకరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచానికి ఇంకా 58 లక్షల మంది నర్సులు కావాలి. సంపన్న దేశాల నర్సుల్లో దాదాపు నాలుగో వంతు వేరే దేశాల్లో పుట్టినవాళ్లు. కాబట్టి మన పిల్లలు వస్తారు, రావాలి కూడా. జర్మనీకి వెళ్లదలిచినవాళ్లు ఏజెంట్ల చేతిలో లక్షలు పోసేముందు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగాలి, అక్కడ జర్మన్ భాష నేర్పించి పంపుతున్నారు. కానీ రాకముందు గడిచే ఆ ఏడాదీ రెండేళ్లూ గాలికి పోకుండా చూడటం మన చేతిలో ఉన్న పని.

మనం సొంత ఊరి దవాఖానకు మానిటర్లు, డయాలసిస్ యంత్రాలు పంపుతాం. రిబ్బన్ కత్తిరించేది నాయకులు, దండ వేసేది డాక్టరుగారికి. ఆ యంత్రం రాత్రి రెండింటికి కూత పెడితే లేచి చూసే మనిషికి దాని మీద ఒక పూట శిక్షణ ఇప్పించమని ఎప్పుడైనా షరతు పెట్టామా? ఈ ఏడాది నుంచి మన సంఘం ఇచ్చే ప్రతి పరికరానికీ ఆ షరతు పెట్టాలని కార్యవర్గం ముందు ప్రతిపాదన పెడుతున్నాం. దాంతోపాటు కొత్త నర్సులకు తెలుగులో ఒక చిన్న పుస్తకం వేస్తాం. అపాయింట్‌మెంట్ లెటర్ అడిగి తీసుకోవడం, జీతం బ్యాంకులో వేయించుకోవడం, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో పడకల సంఖ్య రాయించుకోవడం, సర్టిఫికెట్లు చూపించాలే తప్ప అప్పజెప్పకూడదన్నది, ఏ ప్రొసీజర్ ఎన్నిసార్లు చేశారో సొంత నోట్‌బుక్‌లో రాసుకోవడం, ఇవన్నీ అందులో ఉంటాయి.

మూడోది మన నర్సు సభ్యుల నుంచి కావాలి. వైద్యం ఫోన్లో చెప్పమని కాదు, అది అక్కడి డాక్టరు పని. నైట్ డ్యూటీ దిగి ఇంటికి చేరిన అమ్మాయితో వారానికి ఒకసారి, రాత్రి ఏం జరిగింది, ఏం చేశావు, ఎక్కడ చేయి ఆగింది అని మాట్లాడే అక్క ఒకరు కావాలి. అన్నలైనా సరే. సూర్యాపేటలో పొద్దున ఎనిమిదిన్నర అంటే వేసవిలో డాలస్‌లో రాత్రి పది, పిల్లలు పడుకునే వేళ. మాట్లాడగలిగినవాళ్లు సంఘం కార్యాలయానికి పేరు పంపండి. ఐసీయూలో చేశారా, ఎమర్జెన్సీలోనా, కాన్పుల వార్డులోనా అన్నది తప్పకుండా రాయండి, ఆ అమ్మాయిలు ముందుగా అడిగేది అదే.