వేలిముద్ర అవ్వది, జవాబుదారీ బ్యాంకుది

సంత రోజు ఒక అవ్వ గుట్ట దిగి బ్యాంకు మిత్ర దగ్గరికి పోతది. పింఛన్ పైసలు తీసుకోవాలె. మెషిన్ మీద వేలు పెడితే "పడలే అవ్వా, మళ్ల పెట్టు" అంటడు. మూడుసార్లు పెడతది. చేతికి ఒక్కసారి పైసలే వస్తయి. రసీదు ఇయ్యడు. నెల తర్వాత పాస్‌బుక్ ఎక్కిస్తే మూడు కోతలు కనిపిస్తయి. బ్యాంకుకు పోతే "మాకేం సంబంధం, అతన్నే అడుగు" అంటరు.

మిత్రులారా, ఈ కథ మీకు కొత్త కాదు. కానీ ఆ "మాకేం సంబంధం" అన్న మాట అబద్ధమని మనలో ఎంతమందికి తెలుసు? బ్యాంకు మిత్ర చేసే పనులన్నిటికీ ఆయనను పెట్టుకున్న బ్యాంకుదే పూర్తి బాధ్యత. ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

ఇంకొన్ని గుర్తుపెట్టుకోండి. జన్‌ధన్ ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయొద్దు. ఏటీఎంలో పైసలు రాకుండా ఖాతాలో కోత పడితే 5 రోజుల్లో తిరిగి జమ చేయాలె. దాటితే మనం అడగకున్నా రోజుకు 100 రూపాయలు కట్టియ్యాలె. ఇది 2019 నుంచి ఉన్నది. ఖాతాలో మోసం జరిగితే తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకుదేనని 2017 జులై ఉత్తర్వు చెప్తున్నది. మన తప్పు లేకుండా బయటోళ్లు చేసిన మోసాన్ని, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్తే మనకు నష్టం పడొద్దు. అందుకే ఆలస్యం చేయొద్దు.

మరి మన పెద్దలు ఎందుకు ఊరుకుంటున్నరు? అవ్వ గోండిలోనో కోయలోనో చెప్తది. కౌంటర్ మీద సారు తెలుగులో కసురుతడు. కాగితం ఇంగ్లీషులో ఉంటది. ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతయి. రెండోసారి ఎవరు పోతరు?

ఇక్కడే మీ పని ఉన్నది. నోటి మాటతో వదిలేయొద్దు. తేదీ, మొత్తం, ఖాతా నంబరు రాసి బ్రాంచిలో ఇచ్చి, నకలు మీద ముద్ర, సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు న్యాయంగా లేకున్నా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. 2021 నవంబర్ 12న దేశమంతటికీ ఒకే పథకం చేసిండ్రు. రుసుము లేదు. వకీలు అక్కర్లేదు. తెలుగులో రాసి పోస్టులో పంపినా తీసుకుంటరు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి. అవ్వ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆమె తరఫున మీరే ఫిర్యాదు చేయొచ్చు.

బ్యాంకు మిత్రలందరూ దొంగలని నేను అనట్లేదు. వాళ్లలో మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నరు. రసీదు అడిగితే నిజాయితీగా పనిచేసేవాళ్లకు నష్టమేం లేదు.

ఒక్కొక్కరి ఫిర్యాదును బ్యాంకు పక్కన పడేయొచ్చు. ఊరంతా పాస్‌బుక్‌లు పట్టుకుని గ్రామసభలో కూర్చుని, ఎవరికి ఎంత పోయిందో తీర్మానంలో రాస్తే పడేయలేదు. భూమి కాగితాల విషయంలో మన తాతలు చదువు రాక మోసపోయిండ్రు. మనం చదువుకున్నం. ఈ వారం సంతకు పోయినప్పుడు మీ అవ్వ పాస్‌బుక్ కూడా పట్టుకపోయి ఎక్కించండి. ఒక్కో వరుస ఆమెకు మన భాషల చదివి వినిపించండి.