ఏది చేతికందాలి, ఏది అటకెక్కాలి?

మొన్నటి సెమిస్టరు పరీక్షలో ఆపరేటింగ్ సిస్టమ్ పేపరులో ఒక లెక్క వచ్చింది. పన్నెండు అంకెల వరుస ఇచ్చారు, మూడు గళ్ళు ఇచ్చారు, ఎన్ని పేజీ ఫాల్టులు వస్తాయో చెప్పమన్నారు. గళ్ళు గీసి, అంకెలు నింపి, జవాబు రాసి వచ్చాను. మార్కులూ పడ్డాయి. కానీ ఆ లెక్క దేనికోసం వేస్తున్నామో నాకు తెలియదన్న సంగతి ఎండాకాలం సెలవుల్లో మా కొట్టంలో బయటపడింది. ఆ ముచ్చటే తోటి విద్యార్థులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

కంప్యూటర్ చదవని మిత్రుల కోసం ముందు కాస్త వివరం చెప్పాలి. యంత్రానికి చేతికందే చోటు మెమరీ. సరుకంతా దాచుకునే చోటు డిస్కు. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రాములను పేజీలుగా విడగొట్టుకుంటుంది. సాధారణంగా ఒక్కో పేజీ 4,096 బైట్లు. నా దగ్గరున్న పాత కంప్యూటర్‌లో మెమరీ 4 గిగాబైట్లు, అంటే 10,48,576 పేజీలకు చోటు. వినడానికి బోలెడనిపిస్తుంది గాని, నాలుగు పెద్ద ప్రోగ్రాములు తెరిస్తే నిండిపోతుంది. కావలసిన పేజీ మెమరీలో లేకపోతే డిస్కు నుంచి తేవాలి. చోటు లేకపోతే ఉన్నవాటిలో ఒకదాన్ని సాగనంపాలి. దేన్ని? అసలు సమస్య ఇదే.

పొరపాటున రేపు కావలసినదాన్ని ఇవాళ పంపేస్తే శిక్ష చిన్నది కాదు. మెమరీలో వెతకడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్కు నుంచి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్లు! మెమరీ పని ఒక సెకను అనుకుంటే, డిస్కు కోసం ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఎదురుచూడాలి. కొత్తరకం ఎస్.ఎస్.డి. మేలే, అయినా వెయ్యి రెట్ల తేడా ఎక్కడికీ పోదు.

పుస్తకంలో మనకు చెప్పే పద్ధతులు ముఖ్యంగా మూడు. ముందొచ్చినదాన్ని ముందు పంపడం ఒకటి. ఎక్కువ కాలంగా ముట్టనిదాన్ని పంపడం రెండోది, దీన్నే ఎల్.ఆర్.యు. అంటారు. అన్నిటికంటే ఆలస్యంగా కావలసి వచ్చేదాన్ని పంపడం మూడోది. ఈ మూడోదే శ్రేష్ఠమైనది. ఐ.బి.ఎం.లో పనిచేసిన లాస్లో బెలాడీ 1966లో దీన్ని కొలబద్దగా పెట్టి మిగతా పద్ధతులను తూచాడు. అయితే దీనికి భవిష్యత్తు తెలిసి ఉండాలి. తెలియదు గనుక గతాన్ని చూసి ఊహిస్తాం. మొన్న వాడింది రేపూ కావాలి, చాలాకాలం వాడనిది ఇక అక్కరలేదు అన్న ఊహ మీదే ఎల్.ఆర్.యు. నిలబడింది. మేమంతా ఆ ఊహను న్యూటన్ సూత్రంలా బట్టీపట్టాం.

ఇక కొట్టం సంగతి. మిరుగం కార్తెకు వారం ముందు మా నాయిన గొర్రును అటక మీంచి దించి, పళ్ళు సరిచూసి, గోడకు ఆనించాడు. ఆ సాయంత్రం నేను ఎరువు బస్తాలు మోసుకొచ్చాను. పెట్టడానికి చోటు లేదు. గొర్రును మళ్ళీ పైకెత్తబోయాను.

"అదెందుకు ముట్టుకుంటున్నవ్‌రా?" అన్నాడు నాయిన.

"చోటు లేదు నాయినా. ఏడాది సంది ఎవ్వలు ముట్టనిది ఇదే గదా, పైన పెడ్త."

"ఏడాదాయె గనుకనే ఇప్పుడు గావాలె బిడ్డా. నిన్న వాడిన గొడ్డలితో రేపు విత్తనం ఏస్తమా?"

నేను మాట్లాడలేదు. గొడ్డలిని పైన పెట్టాను.

ఆ రాత్రి కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క వేశాను. నాలుగు గళ్ళు, అయిదు పేజీలు. ఒకటి నుంచి అయిదు దాకా వరుసగా వాడాలి, మళ్ళీ మొదటికి రావాలి. కార్తెల్లా తిరుగుతూనే ఉండాలి. ఎల్.ఆర్.యు. ప్రకారం అయిదో పేజీకి చోటివ్వడానికి ఒకటో పేజీని పంపుతాం. వెంటనే కావలసింది ఆ ఒకటే! దానికోసం రెండును పంపుతాం. మరుక్షణం రెండు కావాలి. ఎన్ని చుట్లు తిరిగినా ప్రతిసారీ తప్పే. నాలుగు గళ్ళుండి కూడా ఒక్కసారైనా పేజీ చేతికందదు. అంటే చక్రంలా తిరిగే పనికి, మనం పూజించే ఎల్.ఆర్.యు. అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. రైతు పని చక్రం కాక మరేమిటి?

ఆశ్చర్యమేమంటే ఈ సంగతి తొలినాటివాళ్ళకు తెలుసు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో పనిలోకి వచ్చిన అట్లాస్ కంప్యూటర్ ప్రతి పేజీ గురించి రెండు విషయాలు లెక్కపెట్టుకునేది. ఇప్పుడు ఎంతకాలంగా ఖాళీగా ఉంది? కిందటిసారి ఎంతకాలం ఖాళీగా ఉండి మళ్ళీ పనిలోకి వచ్చింది? ఈ రెంటినీ పోల్చి, తన వేళ దగ్గరపడిన పేజీని ఉంచేది. అట్లాస్ అయితే మా గొర్రును అటకెక్కించేది కాదు! తరువాతి యంత్రాలు తేలిక దారి పట్టాయి. 1960ల చివర మల్టిక్స్ వ్యవస్థలో ఫెర్నాండో కోర్బటో వివరించిన గడియారం పద్ధతి వాటిలో ఒకటి. ముల్లు పేజీల చుట్టూ తిరుగుతుంది. ఈ మధ్య వాడిన గుర్తు ఉంటే చెరిపేసి, మరో అవకాశమిచ్చి ముందుకు పోతుంది. గుర్తు లేకపోతే పంపేస్తుంది. ఖర్చు తక్కువ, చాలా పనులకు బాగానే నడుస్తుంది. లినక్స్‌లో ఈ నిర్ణయం ఇప్పటికీ తెగని చర్చే. 2022లో వచ్చిన 6.1 వెర్షన్‌లో పేజీలను తరాలుగా విభజించే మరో కొత్త పద్ధతిని చేర్చారు. అరవై ఏళ్ళ తరువాత కూడా పెద్దవాళ్ళు తర్జనభర్జన పడుతున్న విషయాన్ని మనం గళ్ళు నింపే లెక్కగా చదువుతున్నాం.

"మెమరీ కొంటే పోలా" అనే మిత్రులూ ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో నాకూ అదే సలహా ఇచ్చారు. కొనగలిగినవాడు కొనుక్కోవచ్చు. కానీ ముందొచ్చినదాన్ని ముందు పంపే పద్ధతిలో 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అన్న వరుసకు మూడు గళ్ళుంటే 9 ఫాల్టులు, నాలుగుంటే 10! చోటు పెరిగితే తప్పులూ పెరిగాయి. ఇది బెలాడీ, ఆయన సహచరులు 1969లో చూపించిన వింత. నమ్మనివారు వేసి చూసుకోండి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది పీటర్ డెన్నింగ్ 1968లో థ్రాషింగ్ గురించి చెప్పిన మాట. ప్రతి పనికీ ఆ సమయంలో చేతికింద ఉండక తప్పని కొన్ని పేజీలుంటాయి. అన్ని పనుల అవసరం కలిపి మెమరీని మించిపోతే ఏ పద్ధతీ కాపాడలేదు. యంత్రం పేజీలు మోయడంతోనే అలసిపోతుంది, అసలు పని సాగదు. ప్రాసెసర్ ఖాళీగా ఉందని చూసి అమాయకపు వ్యవస్థ ఇంకో పనిని లోపలికి పిలుస్తుంది. దాంతో ఉన్నదీ పోతుంది.

ఇది చదివి నా ముఖం నేనే చూసుకున్నట్టయింది. పోయిన ఏడాది పొద్దున కాలేజీ, మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోర్సు, సాయంత్రం మెట్రో ఎక్కి మూడో స్టేషను ఎల్.బి. నగర్‌లో దిగి ఉద్యోగ పరీక్షల క్లాసు. ఒక్కోచోట నిన్నటి పాఠం గుర్తుతెచ్చుకునేసరికే సగం గంట గడిచేది. ఏదీ రావడం లేదని భయపడి చైతన్యపురిలో ఇంకో కోర్సులో చేరాను! అన్నిటికీ ఫీజు నాయిన వడ్లు అమ్మిన డబ్బే. డెన్నింగ్ చెప్పిన మందు ఒక్కటే: కొన్ని పనులను కాసేపు ఆపి, మిగిలినవాటికి చాలినంత చోటివ్వడం. రెండు కోర్సులు మానేశాను. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. నాయినకు ఆ మాట చెప్పడానికి నెల పట్టింది. కానీ ఈ సెమిస్టరులో చదివింది నిలిచింది.

చివరగా మా అధ్యాపకులకు ఒక మనవి. ఏ పద్ధతికి ఎన్ని ఫాల్టులని అడగండి, కాదనం. దాంతోపాటు ఏ పనికి ఏ పద్ధతి తగదో, ఎందుకు తగదో కూడా అడగండి. ల్యాబులో లినక్స్ ఉంది. వి.ఎం.స్టాట్ 1 అని కొడితే డిస్కుకూ మెమరీకీ మధ్య ఎంత సరుకు అటూ ఇటూ తిరుగుతోందో సెకను సెకనుకూ కనిపిస్తుంది. ఒక్క గంట ఆ తెర ముందు కూర్చోబెట్టండి. రేపు ప్రోగ్రాములు రాయబోయే మిత్రులకు ఇంకొక మాట. ఏ పేజీ త్వరలో కావాలో, ఏది ఇక అక్కరలేదో ముందుగానే వ్యవస్థకు చెప్పుకునే వీలు లినక్స్‌లో ఉంది. మ్యాడ్వైజ్ అంటారు. మన పని ఎలా నడుస్తుందో మనకు తెలిసినంత యంత్రానికి తెలియదు. తెలిసినవాళ్ళం చెప్పకుండా కూర్చుని, నెమ్మదిగా ఉందని దాన్ని తిట్టడం న్యాయం కాదు.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి