'మేము' నుండి 'మనం' వరకు: శాస్త్ర పాడ్‌కాస్టులలో భాష

శాస్త్ర విషయాలను సామాన్య శ్రోతలకు చేరవేయడంలో పాడ్‌కాస్ట్ నేడు ముఖ్య సాధనంగా ఎదుగుతున్నది. అయితే విని నేర్చుకొనే అలవాటు మన ప్రాంతానికి కొత్తది కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో ప్రారంభమైనది. 1966లో ఆకాశవాణి చేపట్టిన వ్యవసాయ, గృహ విభాగాలు ఈ అలవాటును దేశమంతటా బలపరచాయి. రేడియో వేళకు రైతు సిద్ధంగా ఉండవలసి వచ్చేది. పాడ్‌కాస్ట్ మాత్రం రైతుకు తీరిక దొరికినప్పుడు చెరువు గట్టు మీదికే వస్తుంది. అక్కడ ఒంటరిగా వింటున్న మనిషితో ఏ భాషలో మాట్లాడాలన్నది విస్తరణ శాస్త్రవేత్తలు ఆలోచించవలసిన విషయం.

కొల్లేటి పరిసరాలలోని చేపల చెరువులనే తీసుకుందాం. పగటివేళ నీటిలోని సూక్ష్మ నాచు ఎండలో ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రివేళ అదే నాచు, చేపలు, అడుగున కుళ్ళే మిగులు మేత కలిసి దానిని ఖర్చు చేస్తాయి. అందువలన తెల్లవారుజామున ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. పరిశోధన వ్యాసంలో దీనిని "ద్రావిత ఆక్సిజన్ క్షీణించుట గమనించబడినది" అని వ్రాస్తాము. చెవికి ఆ వాక్యం నిలవదు. "ఈ రోజంతా మబ్బుగా ఉందా? అయితే రేపు తెల్లవారకముందే చెరువు దగ్గర ఉండండి. శీలావతి, బొచ్చె పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూడండి" అంటే శాస్త్రం మారలేదు, వినేవారికి చేయవలసిన పని తెలిసింది. ఆలస్యమైతే ఒక్క రాత్రిలో పంట పెట్టుబడి మొత్తం పోవచ్చు.

తెలుగులో 'మేము', 'మనం' అనే రెండు మాటలున్నాయి. "మేము సిఫారసు చేస్తున్నాము" అన్నప్పుడు శ్రోత బయట ఉండిపోతాడు. "కారణమేమిటో మనం చూద్దాం" అన్నప్పుడు ఆలోచనలో భాగస్వామి అవుతాడు. అయితే ఈ 'మనం' నిజాయితీగా ఉండాలి. నష్టం వచ్చినప్పుడు భరించేది రైతు ఒక్కడే కనుక, పెట్టుబడి గురించి చెప్పేటప్పుడు "మీ చెరువు, మీ ఖర్చు" అనడమే సబబు.

ఆత్మీయత అవసరం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది "వేచి ఉండండి" అని చెప్పవలసి వచ్చినప్పుడు. 2016లో మన దేశంలో గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ కొబ్బరిని, ఆయిల్‌పామ్‌ను ఆశిస్తున్నది. విచక్షణ లేకుండా రసాయనాలు చల్లితే దానిని అదుపుచేసే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగు కూడా చనిపోతుంది. ఆకులపై మసి పేరుకుపోతుంటే చూస్తూ ఆగమనే సలహాను, కారణం తన మాటల్లో విన్న రైతే నమ్ముతాడు.

వాడుక భాష అంటే కచ్చితత్వాన్ని వదులుకోవడం కాదు. విన్నదానిని పుట తిప్పి చూసుకొనే వీలుండదు కనుక మోతాదును, కొలతను రెండుసార్లు చెప్పాలి. తేలని విషయాన్ని తేలలేదనే చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యావహారిక భాష కోసం పోరాడినది చదువు అందరికీ అందాలనే కదా.

వెంకట్రామన్నగూడెం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రాలు విద్యార్థులతో ఇటువంటి చిన్న ప్రసంగాలను తయారు చేయించవచ్చు. విడుదలకు ముందు ఒక రైతుకు వినిపించి, ఆయన తిరిగి చెప్పినది సరిగా ఉన్నదో లేదో చూడాలి. మన భాషకు అదే సరైన పరీక్ష.