బస్సెక్కించారు సరే, నడిచే దారేదీ?

"అబిడ్స్ దాకా వెళ్ళొస్తా" అని బయల్దేరే ఆడవాళ్ళకి ఇప్పుడు అక్కడిదాకా చేరడం పెద్ద కష్టం కాదు. 1907లో కట్టిన నాంపల్లి రైల్వే స్టేషన్ ఎలాగూ ఉంది. 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు వచ్చాయి. 2018 సెప్టెంబరులో మెట్రో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా సాగడంతో నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు తెరుచుకున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు అక్కర్లేదు. ఇంతకంటే ఏం కావాలి అంటారా?

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, అసలు కష్టం దిగాకే మొదలవుతుంది.

మెట్రో అబిడ్స్ లోపలికి రాదు. నాంపల్లిలో దిగి నడవాల్సిందే. ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో సంచీని పట్టుకుని ఫుట్‌పాత్ ఎక్కితే నాలుగడుగులకో స్కూటరు, ఆ పక్కనే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, ఆపైన లేచిపోయిన బండరాయి. కిందికి దిగితే బస్సులు, ఆటోలు. చివరికి విసుగొచ్చి ఆటో పిలుస్తాం. బస్సులో మిగిలిన టికెట్ డబ్బు ఆటోకి పోతుంది. అదీ పెట్టుకోలేని వాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు, అత్తలు రావడమే మానేస్తారు.

మగవాళ్ళది చాలావరకు ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి ఒకటే దారి. మనది అలా కాదు కదా! ఒక్క ప్రయాణంలోనే బ్యాంకు, బట్టల కొట్టు, మందుల షాపు, పిల్లల పుస్తకాలు. ఒక్కో పనికీ మధ్య ఉండేది నడకే. ఆ నడకని లెక్కలోకి తీసుకోకుండా వేసిన రోడ్డు ఆడవాళ్ళకి సగమే పనికొస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల్లోనే ఫుట్‌పాత్ మీద అడ్డులేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని చెప్పింది. వియన్నాలో మారియాహిల్ఫ్ అనే పేటలో ఆడవాళ్ళ నడకని దృష్టిలో పెట్టుకుని కిలోమీటరుకు పైగా ఫుట్‌పాత్‌లు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు. అదేమీ ఆకాశానికి నిచ్చెన వేసే పని కాదు.

ఫుట్‌పాత్ అనగానే చిరువ్యాపారుల్ని తరిమేయమంటారు కొందరు. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచే వాళ్ళ దగ్గర మన పిల్లలు ఎన్ని కొనుక్కోలేదు! 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకీ చోటు చూపించమంటోంది. వాళ్ళ కోసం వేసే కమిటీలో వ్యాపారుల ప్రతినిధుల్లో మూడోవంతు ఆడవాళ్ళుండాలనీ చెబుతోంది. బండి వాళ్ళకి గీత గీసి చోటివ్వండి, బండ్లు నిలపడానికి ఫుట్‌పాత్ ఇవ్వకండి.

ఇంకోటి, రాత్రి సంగతి. పై అంతస్తుల్లో కాపురాలుండాల్సిన చోట గోడౌన్లు వచ్చాక, షట్టర్లు దించగానే వీధి బోసిపోతుంది. కిటికీలోంచి చూసే కన్ను ఉండదు. "చీకటి పడకముందే వచ్చెయ్" అని కూతుళ్ళకే చెప్పుకుంటాం. దాంతో సాయంత్రం క్లాసు, సాయంత్రం ఉద్యోగం పోయేది ఆ పిల్లకే. పాత భవనాలు పడగొట్టి కొత్తవి కట్టేటప్పుడు కింద కొట్లు, పైన ఇళ్ళు ఉండేలా చూడమని ఎందుకు అడగకూడదు?

2020 గ్రేటర్ ఎన్నికల్లో 150 వార్డుల్లో సగం ఆడవాళ్ళకే కేటాయించారు. కాబట్టి అడిగితే అర్థం చేసుకునేవాళ్ళు లేరనుకోకండి. ఈసారి ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. తర్వాత మూడే అడగండి: స్టేషన్ నుంచి బజారు దాకా అడ్డులేని ఫుట్‌పాత్, వెలిగే దీపాలు, తాళం వెయ్యని శుభ్రమైన మరుగుదొడ్డి. వీలైతే వాళ్ళని ఆ దారిన మీతో పాటు ఒకసారి నడిపించండి.