గుడ్డు అడిగిన బిడ్డకు ఏం పెడుతున్నాం?

లూకా సువార్త 11వ అధ్యాయంలో గుడ్డు అడిగే కొడుకు ఉన్నాడు. ఆ మాట మీద ప్రసంగాలు చాలా విన్నాం. సోలాపూర్ అశోక్ చౌక్ మగ్గాల సందుల్లో పసిబిడ్డ బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎర్రటి పొడి మచ్చలు కనబడగానే ముందు ఆగిపోయేది ఆ గుడ్డే. తర్వాత పల్లీలు, చేప. "నంజు చేస్తది, పెట్టకు" అంటారు పెద్దలు. ప్రేమతోనే అంటారు.

తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి తరతరాలుగా దుప్పట్లు, తువ్వాళ్లు నేసిన కుటుంబాలివి. ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఆ కూలి డబ్బులతో అందే బలమైన తిండి గుడ్డు, పల్లీలే. అవీ తీసేస్తే బిడ్డకు మిగిలేది రొట్టె, చాయ్.

ఎగ్జిమాను మనవాళ్లు గజ్జి అంటారు. గజ్జి అంటుకుంటుంది, ఎగ్జిమా అంటుకోదు. చర్మం పైపొర బలహీనమై తేమ నిలవకపోవడం దీనికి మూలం. దుమ్ము, చెమట, ఘాటు సబ్బు దాన్ని రేపుతాయి. చాలామంది పిల్లల్లో తిండి దీనికి కారణం కాదు.

అయితే ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు ఆహార అలర్జీ వచ్చే ముప్పు ఎక్కువన్నది నిజమే. పెద్దల భయంలో అంత మేరకు న్యాయముంది. డాక్టర్లూ ఒకప్పుడు ఇలాగే భయపడ్డారు. ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా పల్లీలు వద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది, 2008లో వెనక్కి తగ్గింది. 2015లో లండన్ పరిశోధకులు తీవ్రమైన ఎగ్జిమా లేక గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్ల ఫలితాలు ప్రకటించారు. పల్లీలు మానిపించినవాళ్లలో ఐదేళ్లకు నూటికి 17 మందికి అలర్జీ వచ్చింది. 4 నుంచి 11 నెలల మధ్యే మొదలుపెట్టి తినిపించినవాళ్లలో ముగ్గురికే వచ్చింది.

పగిలిన చర్మం గుండా చేరిన పల్లీని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని, నోటి గుండా వెళ్తే తిండిగా ఒప్పుకుంటుందని పరిశోధకులు వివరిస్తారు. శేంగా చట్నీకి పేరుపడ్డ ఊరు మనది, పల్లీ పొడి లేని వంటిల్లు ఉంటుందా? బిడ్డ నోటికి కాపలా పెట్టి చర్మాన్ని వదిలేశాం. పుండ్ల మీద పల్లీ నూనె మర్దన అసలే వద్దు.

రక్తపరీక్షల సంగతి వేరు. వేల రూపాయలు పోసి పెద్ద జాబితా పట్టుకొచ్చి, అందులో ఉన్నవన్నీ మానిపిస్తున్నారు. బెంగళూరు, మైసూరు ప్రాంతపు పిల్లల్లో నూటికి సుమారు 19 మందికి పరీక్షలో ఏదో ఒకటి పాజిటివ్ వచ్చింది. నిజంగా అలర్జీ ఉందనుకోదగ్గవాళ్లు వెయ్యికి ఇద్దరు కూడా లేరు. తిన్నప్పుడు ఏమైందన్నదే అసలు సాక్ష్యం.

తిన్న నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు లేస్తే, పెదాలు వాస్తే, వాంతులైతే అది అలర్జీ కావచ్చు. ఊపిరి ఆడకపోతే దవాఖానకు పరుగెత్తాలి, అక్కడ అడ్రినలిన్ సూది ప్రాణం నిలుపుతుంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు పల్లీ మొదటిసారి డాక్టరును అడిగాకే పెట్టాలి. గింజలు గొంతుకు అడ్డంపడతాయి, మెత్తటి పొడిని జావలో కలపాలి.

డాక్టరును అడగమనడం మాకు తేలికే. బీడీలు చుట్టే తల్లికి అది ఒక రోజు కూలి. సర్కారు సంగతీ చూశాం. 2023 నవంబరులో మహారాష్ట్ర బడి భోజనంలో వారానికో గుడ్డు పెడతామంది, 2025 జనవరిలో డబ్బు ఆపేసింది. గుడ్డు కోసం గొంతెత్తాల్సిన మనమే ఇంట్లో గుడ్డు మానిపిస్తే ఎవరిని నిలదీస్తాం?

సోలాపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల నుంచి ఒక పిల్లల డాక్టరును, ఒక చర్మ డాక్టరును నెలకో ఆదివారం ఆరాధన తర్వాత రమ్మని మన సంఘాలు అడగాలి. మతం చూడకుండా వాడలోని తల్లులందరినీ పిలవాలి. అమ్మమ్మలను, నానమ్మలను తప్పకుండా పిలవాలి, ఇంట్లో పథ్యం నిర్ణయించేది వాళ్లే.