ఎవరి ముడతలు, ఎవరి ఇష్టం?

ఆదివారం పొద్దున మోండా మార్కెట్‌కి కూరలకు వెళ్తే కెమెరాల మధ్య నుంచి దారి చేసుకోవాలి. సరదాకి ఫోటోలు తీసే ఈ పిల్లల మీద నాకు కోపం లేదు. (ఒకప్పుడు నేనూ ఆ గుంపులో నడిచినదాన్నే.) ఉన్నది ఉన్నట్టే చూపాలని కొందరు, కంప్యూటర్లో ఎంతైనా మార్చుకోవచ్చని కొందరు తెగ వాదించుకుంటారు. ఫోటోలోని ఆడమనిషిని మాత్రం ఎవరూ అడగరు.

నాకు ఆకుకూరలిచ్చే పెద్దామె ఫోటోను ఒక కుర్రాడు నా చేతే ఆమెకు పంపించాడు. నలుపు తెలుపుల్లో, ఒక్కో ముడతా ఉలితో చెక్కినట్టుంది. తోటకూర బూడిదరంగైపోయింది. ఆమె చాలాసేపు చూసింది. "నేను గింత ముసల్దాన్నా బిడ్డా? నా చీర రంగేడ పాయె?"

అదే కుర్రాడు తన అక్క పెళ్ళి ఫోటోలూ చూపించాడు. అక్కడ చర్మం వెన్నలా ఉంది, ఛాయ రెండు మెట్లు తెల్లబడింది. సాఫ్ట్‌వేర్ ఒకటే, స్లైడర్ ఒకటే. పెళ్ళికూతురి కోసం ఒకవైపు జరిగేది, కూరలమ్మే ఆమె దగ్గరికొచ్చేసరికి రెండోవైపు జరుగుతుంది. ఎవరి ముడతలు చెరపాలో, ఎవరివి లోతు చెయ్యాలో కులమూ వర్గమూ ముందే తేల్చిపెట్టాయి. ఈ రెండో పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'క్యారెక్టర్'!

అలాగని 'సహజం' పక్షాన చేరలేను. దశాబ్దాలపాటు ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపిన 'షర్లీ' కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆ కొలతకి మన నలుపు ఎప్పుడూ లోపమే. దిద్దడమూ ఫోటోషాప్‌తో పుట్టలేదు. మా అమ్మ పెళ్ళిచూపుల ఫోటోకి స్టూడియో ఆయన నెగెటివ్ మీద పెన్సిల్‌తో తెలుపు తెచ్చాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు రంగు తక్కువని వెళ్ళిపోయారు. అమ్మ ఆ ఫోటో ఇప్పటికీ చూడదు.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్, 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. సంపన్న స్త్రీల కోసమే కావచ్చు, కానీ కెమెరా వెనక ఎవరున్నారన్నది ఒక ప్రశ్నేనని ఆనాడే గుర్తించారు. బజారులో కూర్చున్న ఆమెకి మాత్రం ఆ ప్రశ్న అడిగే వీలు ఇప్పటికీ లేదు. గంప దించి ఎక్కడికి పోతుంది?

మొన్న ఆమెనే అడిగాను, ఏం చెయ్యమంటావని.

"మల్ల తియ్యమను. రంగుల్ల తియ్యమను."

"మరి ముడతలు?"

"కొన్ని తీసెయ్యమను. అన్ని తీస్తె నన్నెవరు గుర్తువడ్తరు?" అంటూ నా సంచిలో రెండు కట్టలు పడేసింది.