భుజం మనది, తుపాకీ ఎవరిది?

పిట్లం, బిచ్కుంద, జుక్కల్ రోడ్లెంబడి తెల్లారకముందే మన వాడల పిల్లలు ఉరుకుతున్నారు. కానిస్టేబుల్ నౌకరికి 1600 మీటర్ల పరుగు కావాలె. భూమి లేదు, దుకాణం లేదు, సిఫారసు చేసే చుట్టం లేడు. కాళ్లున్నయి, ఉరుకుతున్నరు. వాళ్లను తప్పుబట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఉరికి ఉరికి ఎక్కడికి చేరుతున్నరు? అది మాట్లాడుకోవాలె.

1980లు, 90లలో తెలంగాణ పల్లెల నుంచి పిల్లలు రెండు దిక్కులా పోయిండ్రు. కొందరు దళంలోకి, కొందరు పోలీసులోకి. దళంలో ఉన్నవాడు చీకట్ల లేవాలె, హాజరు చెప్పాలె, వంతులవారీగా సెంట్రీ కాయాలె, వండాలె, ప్లాస్టిక్ కవరు పరుచుకొని పండాలె. వాణ్ని వెతికే జవాను కూడా ఎండు తిండి మూట మోసుకొని, మందుపాతర భయానికి రోడ్డు వదిలి, రాత్రిళ్లు నడవాలె. ఇద్దరినీ కుట్టే దోమ ఒక్కటే. ఇద్దరికీ వచ్చే మలేరియా ఒక్కటే.

మరి ఇద్దరి రాజకీయం? దళంలో రాజకీయ పాఠం ఉంటది. పోలీసులో ఆర్డరే పాఠం. అయితే పాఠం చెప్పేదెవరు, ఆర్డర్ వేసేదెవరు అని అడిగితే రెండుచోట్లా నోరు మూయించారు. 1980లో పీపుల్స్ వార్ కట్టినవాళ్లలో ఒకరైన కె.జి. సత్యమూర్తి కులం ప్రశ్న ఎత్తి ఆ పార్టీకి దూరం కావలసి వచ్చింది. 2024 అక్టోబర్‌లో స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. మన డిచ్‌పల్లి బెటాలియన్ ఆడబిడ్డలూ అందులో ఉన్నారు. భర్తలు ఇంటికి రాని బతుకు ఏం బతుకని అడిగారు. జవాబుగా 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని నౌకరి నుంచే తీసేశారు. తుపాకీ ఇచ్చిన సర్కారు నోరు మాత్రం ఇవ్వలేదు!

బస్తర్‌లో ఇంకా ఘోరం. ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలకు నెలకు 3000 రూపాయలిచ్చి, స్పెషల్ పోలీసులని పేరుపెట్టి, సొంత జనం మీదికి తోలారు. ఇది రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారు పేరు మార్చింది, పని మార్చలేదు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు దగ్గర మందుపాతర పేలి 8 మంది జవాన్లు, ఒక డ్రైవర్ చనిపోయారు. ఆ 8 మందిలో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులే. అటు ఉన్నప్పుడూ వాళ్లే, ఇటు వచ్చినాకా వాళ్లే. చచ్చేది మాత్రం మారలేదు.

2025 అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో 60 మందితో ఆయుధాలు అప్పగించారు. ఆ తర్వాత ఇంకా ఎందరో బయటికి వచ్చారు. నాయకులకు పత్రికల్లో ఫోటోలు దొరికినయి. వెనుక నిలబడ్డ ఆదివాసీ పిల్లలకు దొరికేదేంది? మళ్లీ తుపాకీయేనా?

బాబాసాహెబ్ అంబేడ్కర్ సుబేదారు కొడుకు. సైన్యంలో కొలువు అంటరాని ఇంటికి చదువునూ ధైర్యాన్నీ ఎట్లా తెచ్చిందో ఆయన ఇంట్లోనే చూశారు. అందుకే నౌకరి వద్దనం. కానీ 1949 నవంబర్ 25న ఆయనే రెండు మాటలు కలిపి చెప్పారు. రాజ్యాంగ మార్గం ఉన్నప్పుడు నెత్తుటి మార్గం వదలాలన్నారు. అసమానత పోకపోతే దాన్ని మోసేవాళ్లే ఈ కట్టడాన్ని పేల్చేస్తారనీ అన్నారు. పాలకులు మొదటి మాటే మనకు వినిపిస్తారు. రెండోది మింగేస్తారు.

మేం అడిగేది ఇది: లొంగిపోయినవాళ్ల చేత మళ్లీ తుపాకీ పట్టించవద్దు. వాళ్లకు భూమి, చదువు, పని ఇవ్వాలె. ఎదురుకాల్పుల పేరుతో జరిగిన ప్రతి చావు మీదా, చచ్చినోడు ఎవరైనా, విచారణ జరపాలె. కానిస్టేబుల్‌కు వారానికో సెలవు, బాధ చెప్పుకునే హక్కు కావాలె.

ఉరికే తమ్ముళ్లారా, ఉరకండి, నౌకరి తెచ్చుకోండి. యూనిఫాం వేసుకున్నాక కూడా వాడను మరువకండి. రేపు మీ ముందట నిలబడి కూలి అడిగే మనిషి, భూమి అడిగే మనిషి మీ అమ్మ వంటి మనిషే.

జై భీమ్!